కార్తీక సోమవారం నాటి వెల్లుల్లి వాసన
ఆంధ్రప్రదేశ్ ఔషధ నియంత్రణ శాఖ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

విశాఖపట్నం కూర్మన్నపాలెం నుంచి ఒక రిటైర్డ్ ఉక్కు కార్మికుడు రాసుకుంటున్న ఉత్తరం ఇది.

మొన్నటి కార్తీకంలో రెండో సోమవారం పొద్దున్న తలస్నానం చేసి, శివాలయానికి బయల్దేరబోతూ కుడి మోకాలికి మందు రాసుకున్నాను. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే మా ఆవిడ దగ్గరకొచ్చి ఆగిపోయింది. "ఏటండీ ఇది? కార్తీక సోమారం పూట వెల్లుల్లి ఎక్కడ తిన్నారు?" అంది. ఆ నెలంతా ఉల్లీ వెల్లుల్లీ గడప దాటి లోపలికి రానివ్వని మనిషి. కాఫీ తప్ప ఏమీ ముట్టలేదని ఒట్టేశాను. నమ్మలేదు. నమ్మమని గట్టిగా అనడానికి నాకూ నోరు రాలేదు, ఎందుకంటే నా నోట్లో నాకే వెల్లుల్లి రుచి తెలుస్తోంది. మోకాలికి రాసుకున్నది నాలుక మీదికి ఎలా వచ్చింది? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని నాలుగు నెలలు చదివాను, తెలిసినవాళ్ళను అడిగాను. చివరికి మీకు రాయాల్సిన విషయమని తేలింది.

ఆ మందు పేరు డీఎంఎస్ఓ. పూర్తి పేరు డైమిథైల్ సల్ఫాక్సైడ్. మా వీధి కుర్రాడు ఒకడు పరవాడ ఫార్మా సిటీలో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. నేను మెట్లు పక్కకు తిరిగి దిగడం చూసి, "బాబాయ్, ఇది రాసుకో, వారంలో పరిగెడతావు" అని ఒక సీసా తెచ్చిచ్చాడు. మంచినీళ్ళ సీసానే, లేబులు చింపేసి మార్కరు పెన్నుతో నాలుగక్షరాలు రాసి ఉంది. లోపల నీళ్ళలాగే ఉంది గాని వేళ్ళ మధ్య రుద్దితే కొంచెం జిడ్డు. వాడి మేనత్తకీ ఇచ్చాడట, ఆవిడకి భుజం పట్టేసిందని. వాణ్ణి తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ప్రేమతోనే ఇచ్చాడు. పనిచేసేచోట డ్రమ్ముల మీద చూసిన పేరు, ఫోన్లో ఎవరో "డాక్టర్లు దాచిపెట్టిన మందు" అని చెప్పిన పేరు ఒకటే అయ్యేసరికి, దొరకని నిధి తన చేతిలోనే ఉందనుకున్నాడు.

మధ్యాహ్నానికి మోకాలి చుట్టూ ఎర్రబడి, దూలగొండి తగిలినట్టు దురద పుట్టింది. నొప్పి తగ్గిందా అంటే, నిజం దాచను, ఆ పూట తగ్గినట్టే అనిపించింది. వెచ్చగా, హాయిగా ఉంది. ఆ వెచ్చదనం ఎక్కణ్ణుంచి వచ్చిందో తరవాత తెలిసింది. ఈ ద్రవం నీళ్ళతో కలిస్తే వేడి పుడుతుంది. నేను తడి ఒంటి మీద రాసుకున్నాను, అది కాస్తా వెచ్చబడింది. మందు పనిచేస్తోందని నేను మురిసిపోయాను. రెండో రోజు పొక్కులు లేచాయి. అంతకుముందు రాత్రి అదే మోకాలికి నొప్పి బామ్ రుద్దుకుని ఉన్నాను మరి, దాన్ని కూడా ఇది లోపలికి మోసుకుపోయి ఉంటుంది.

అయ్యా, నేను రసాయనాలు ఎరగనివాణ్ణి కాదు. ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్స్ పక్కన ఉండే కోల్ కెమికల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాను. బొగ్గును గాలి తగలకుండా కాలిస్తే కోకుతోపాటు గ్యాసు వస్తుంది. ఆ గ్యాసులోంచి తారు, బెంజాల్, నాఫ్తలీన్ (ఇంట్లో బీరువాలో వేసే కలరా ఉండలు అదే), అమ్మోనియా పట్టుకుంటాం. అమ్మోనియాను ఎరువు చేస్తాం. చేరిన కొత్తలో చేతికంటిన జిడ్డు వదలడానికి ఒకడు బెంజాల్‌తో చేతులు కడుక్కుంటుంటే మా సీనియరు ఆపరేటరు పరిగెత్తుకొచ్చి మగ్గు లాగేశాడు. "చర్మం తోలుసంచి కాదురా, గోనెసంచి" అన్నాడు. బెంజాల్‌లో ఉండే బెంజీను ఒంట్లోకి పోతే ఎముకల మూలుగ దెబ్బతింటుందని, రక్తం పుట్టడమే పాడవుతుందని తరవాత సేఫ్టీ క్లాసులో చెప్పారు. ఇన్నేళ్ళు ఆ మాట గుర్తుపెట్టుకున్నవాణ్ణి, రిటైరయ్యాక మోకాలి నొప్పి దగ్గర మరిచిపోయాను. నాలాంటివాడే మరిచిపోతే, ఆ క్లాసు ఎప్పుడూ వినని మేనత్తల సంగతేమిటి?

పైపూతల మీద తెలుగువాళ్ళకున్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ వచ్చిన డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిపారు. ఒక తలనొప్పి మందు ఒక జాతికి పత్రికను ఇచ్చింది. బెణికితే కర్పూరం కలిపిన కొబ్బరినూనె, జలుబుకు నీలగిరి తైలం, పిల్లల తలలో పేలకు కిరసనాయిలు. ఈ చివరిది మా అమ్మ నాకూ రాసింది, ఇప్పటికీ తలుచుకుంటే నెత్తి మండుతుంది. వీటన్నిటి వెనకా ఒకే మాట ఉంది: "పైపూతే కదా, ఏటవద్ది?" కడుపులోకి పోయేదానికి భయపడతాం, పైన రాసేదానికి భయపడం. డీఎంఎస్ఓ విషయంలో ఆ మాట పనికిరాదు. అది పైన ఉండదు. చర్మం పైపొరలోని తడిని, కొవ్వును సడలించి తనకు దారి చేసుకుని రక్తంలో కలుస్తుంది. అందులో కొంత శరీరంలో డైమిథైల్ సల్ఫైడుగా మారి ఊపిరితో బయటికి వస్తుంది. మా ఆవిడ పట్టుకున్న దొంగ అదే.

ఇక దీని పుట్టుక. 1866లో రష్యన్ రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ జైట్సెవ్ దీన్ని మొదట తయారుచేశాడు. దాదాపు వందేళ్ళు ఎవరికీ పెద్దగా అక్కరకు రాలేదు. తరవాత అమెరికాలో కాగితం మిల్లులవాళ్ళు, కలప గుజ్జు ఉడికించగా మిగిలిన నల్లటి పాకంలోంచి దీన్ని తీయడం మొదలుపెట్టారు. రాజమండ్రి పేపరు మిల్లు పక్కన నిలబడ్డవాళ్ళకు ఆ గంధకపు కంపు తెలిసే ఉంటుంది, ఆ కుటుంబంలోదే ఇదీ. క్రౌన్ జెల్లర్‌బాక్ అనే కాగితం కంపెనీలో రాబర్ట్ హెర్ష్లర్ అనే కెమిస్టు, ఆరెగాన్ వైద్య కళాశాలలో స్టాన్లీ జేకబ్ అనే సర్జను కలిసి 1960ల మొదట్లో ఇది చర్మం దాటి పోతుందని, వాపును నొప్పిని తగ్గిస్తుందని ప్రకటించారు. అమెరికాలో పెద్ద ఊపు వచ్చింది. కీళ్ళనొప్పులకు, బెణుకులకు, కాలిన గాయాలకు అన్నిటికీ ఇదేనన్నారు.

ఆ ఊపు రెండేళ్ళు నిలిచింది. కుక్కలకు, కుందేళ్ళకు, పందులకు పెద్ద మోతాదుల్లో ఇచ్చి చూస్తే వాటి కంటి కటకాల్లో మార్పులు కనిపించాయి. థాలిడోమైడ్ బిళ్ళ వేసుకున్న తల్లులకు చేతులూ కాళ్ళూ లేని బిడ్డలు పుట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1965 నవంబరులో మనుషుల మీద ప్రయోగాలన్నీ ఆపించింది. ఆ తరవాత కాలిఫోర్నియా జైల్లో ఖైదీల మీద ప్రయోగం చేస్తే అలాంటి కంటి మార్పులేవీ కనబడలేదు. ఖైదీల మీద మందులు పరీక్షించడం ఏ రకం న్యాయమని ఇవాళ అడుగుతాం, అప్పుడు అడిగినవాళ్ళు తక్కువ. అయినా అనుమానం ఒకసారి అంటుకుంటే వదలదు. ఒకవైపు భయం, ఇంకోవైపు "పెద్ద కంపెనీలు చవక మందును తొక్కేస్తున్నాయి" అన్న ప్రచారం. 1980లో అమెరికా టీవీలో పెద్ద కార్యక్రమం వచ్చాక జనం హార్డువేరు షాపుల్లో, గుర్రాల మందుల దుకాణాల్లో కొని రాసుకున్నారట. గుర్రాలకు అనుమతి 1970లోనే వచ్చింది, మనుషులకంటే ముందు. ఇది చదివి నవ్వొచ్చింది గాని, మా వీధి కుర్రాడి సీసా గుర్తొచ్చి ఆగిపోయాను. నలభై అయిదేళ్ళ తరవాత కూర్మన్నపాలెంలో మేం చేసిందీ అదే కదా.

దీని మంచి కూడా చెప్పాలి, లేకపోతే నా ఉత్తరం నిషేధం కోరుతున్నట్టు ఉంటుంది. నాకు ఆ ఉద్దేశం లేదు. మూత్రాశయం గోడ ఏళ్ళ తరబడి మంటెత్తి, గంటగంటకూ పరిగెత్తించే జబ్బు ఒకటుంది. దానికి 50 శాతం డీఎంఎస్ఓ ద్రావణాన్ని గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కించడానికి ఎఫ్‌డీఏ 1978లో అనుమతిచ్చింది. రక్త క్యాన్సరు రోగులకు ఎక్కించే మూలకణాలను గడ్డకట్టించి దాచేటప్పుడు, మంచు స్ఫటికాలు కణాలను చీల్చకుండా కాపాడేది ఇదే. ఆ గుణాన్ని 1959లో బ్రిటన్‌లో జేమ్స్ లవ్‌లాక్, బిషప్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఇవాళ్టికీ ప్రపంచమంతా మామూలుగా పది శాతం దాకా కలుపుతారు. ఆ కణాలు ఎక్కించిన రోజు వార్డంతా వెల్లుల్లి వాసనేనట. డాక్సోరూబిసిన్ అని ఎర్రగా ఉండే క్యాన్సరు మందు, ఎక్కించేటప్పుడు నరంలోంచి బయటికి కారితే చుట్టూ ఉన్న కండ చచ్చిపోతుంది. అలాంటప్పుడు ఆ చోట డీఎంఎస్ఓ పూయమని యూరప్ వైద్యుల మార్గదర్శకాల్లో ఉంది. జర్మనీలో దెబ్బల వాపులకు హెపారిన్‌తో కలిపి జెల్‌గా అమ్ముతారు. బ్రిటన్‌లో ఒకప్పుడు సర్పికి వైరస్ మందును ఇందులో కలిపి పూసేవారు. నెదర్లాండ్స్‌లో, ఎముక విరిగి అతికాక కూడా చెయ్యో కాలో నిప్పుల్లో పెట్టినట్టుండే ఒక మొండి నొప్పికి దీని క్రీము వాడారు.

వీటన్నిట్లో ఒక సంగతి గమనించండి. ఎక్కడా దీన్ని డ్రమ్ములోంచి వంపుకోలేదు. శుద్ధి చేసి, ఎంత శాతమో కొలిచి, ఏ జబ్బుకు ఎన్ని రోజులో రాసి, ఒక డాక్టరు చూస్తుండగా వాడారు.

మరి నా మోకాలి మాటేమిటి? నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న అదే కాబట్టి దాన్నే ఎక్కువ వెతికాను. డైక్లోఫినాక్ అనే నొప్పి మందును డీఎంఎస్ఓలో కరిగించి మోకాలికి రాసే ద్రావణం ఒకటి ఉంది, ఎఫ్‌డీఏ 2009లో ఒప్పుకుంది. దాని పరీక్షల్లో ఒకదాన్ని తెలివిగా చేశారు. కొందరికి డైక్లోఫినాక్ కలిపిన ద్రావణం, కొందరికి మందు లేకుండా ఒట్టి డీఎంఎస్ఓ, కొందరికి ఉత్తుత్తి ద్రావణం ఇచ్చారు. డైక్లోఫినాక్ ఉన్నది పనిచేసింది. ఒట్టి డీఎంఎస్ఓ ఉత్తుత్తి దానికంటే మెరుగ్గా పనిచేయలేదు. అంటే మోకాలి దగ్గర ఇది బండి, సరుకు వేరే ఉండాలి. చర్మం బిగుసుకుపోయే స్క్లీరోడెర్మా జబ్బులో వేళ్ళ కొసల పుళ్ళకు 70 శాతం ద్రావణాన్ని, 2 శాతం ద్రావణాన్ని, సెలైన్‌ను పోల్చి చూసినప్పుడు కూడా చిక్కటి ద్రావణం గెలవలేదు. పైగా అది వాడినవాళ్ళలో చాలామందికి చర్మం దెబ్బతిని మధ్యలో మానేయాల్సి వచ్చింది.

ఈ మందును పరీక్షించడంలో ఒక తమాషా చిక్కుంది, అది మా ఇంట్లోనే బయటపడింది. ఎవరికి అసలు మందు వెళ్ళిందో, ఎవరికి ఉత్తుత్తిది వెళ్ళిందో రోగికి తెలియకూడదు. ఇక్కడ తెలిసిపోతుంది. నోట్లో వెల్లుల్లి రుచి రాగానే "నాకు అసలుదే ఇచ్చారు" అని మనసుకు తెలుస్తుంది, మనసుకు తెలిశాక మోకాలు కూడా కొంచెం వింటుంది. అందుకే ఉత్తుత్తి ద్రావణంలో కూడా వాసన కోసం ఒక చుక్క డీఎంఎస్ఓ కలపాల్సి వస్తుంది. 1960ల నాటి చాలా కథనాలు ఈ జాగ్రత్త లేనివే. కనక "మా అత్తకు తగ్గింది" అని ఎవరన్నా నేను అబద్ధమనను. తగ్గే ఉంటుంది. దేనివల్ల తగ్గిందో మాత్రం అత్తకు తెలియదు.

ఇప్పుడు అసలు భయం దగ్గరికొస్తాను. డీఎంఎస్ఓ తనంతట తాను పెద్ద విషం కాదు. దురద, మంట, పొక్కులు, తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, ఈ వెల్లుల్లి కంపు. ప్రమాదం అంతా దాని చేయి పట్టుకుని లోపలికి వచ్చేవాళ్ళతో. సీసాలో ఇంకేం కలిసి ఉన్నా, చర్మం మీద ఇంకేం రాసి ఉన్నా, దానిలో కరిగేదాన్ని వెంటబెట్టుకుని పోతుంది. ఫ్యాక్టరీల్లో దీన్ని ఒకసారి వాడి పారేయరు. రియాక్టరులో వాడాక స్వేదనం చేసి మళ్ళీ వాడతారు. ఖరీదైనది, అలా చేయడమే సబబు. కాని ఆ రెండోసారి, మూడోసారి తిరిగి వచ్చిన ద్రవంలో దేని మిగులు ఉందో ఆ ఫ్యాక్టరీ ల్యాబు చెప్పాలి. మార్కరు పెన్ను చెప్పలేదు. నా మోకాలిలోకి ఆ రోజు ఏం వెళ్ళిందో నాకు ఈ జన్మకు తెలియదు.

గ్రేడు అన్న మాట మా ప్లాంటులో చిన్నపిల్లాడికైనా అర్థమయ్యేది. మేం తీసే కోల్ తారు ఉంది చూశారా, దాన్నే శుద్ధి చేసి సోరియాసిస్ లేపనాల్లో, చుండ్రు షాంపూల్లో వాడతారు. అది నిజంగా మందే. అలాగని తారు ట్యాంకు దగ్గర ఎవడైనా గజ్జికి రాసుకుంటాడా? చేతి మీద పడితే వెంటనే కడుక్కోమని గోడ మీద బోర్డు ఉండేది. పదార్థం అదే. ఒకచోట మందు, ఒకచోట ప్రమాదం. మధ్యలో ఉన్నదల్లా శుద్ధి, కొలత, లేబులు. ఆ మూడూ చూడ్డానికే మీ శాఖ ఉంది.

గ్రేడు చూడకపోతే ఏమవుతుందో ఈ దేశం పదేపదే చూసింది. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగా పసిపిల్లలు కిడ్నీలు పాడై పోయారు. తమిళనాడులో తయారైన ఆ కోల్డ్‌రిఫ్ సిరప్‌లో 48.6 శాతం డైఎథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు ఆ రాష్ట్ర ల్యాబు తేల్చింది. ఉండదగినది 0.1 శాతం. అక్కడ మందు తప్పు కాదు, మందును కరిగించిన ద్రవం తప్పు. 1986లో బొంబాయి జేజే ఆసుపత్రిలో గ్లిజరిన్ రూపంలో అదే విషం పద్నాలుగు మందిని తీసుకుపోయింది, జస్టిస్ లెంటిన్ కమిషన్ వేశారు. 1937లో అమెరికాలో సల్ఫా మందును అదే ద్రవంలో కరిగించి అమ్మితే వంద మందికి పైగా చనిపోయారు, వాళ్ళ ఔషధ చట్టమే ఆ చావుల మీద పుట్టింది. కరిగించేదాన్ని ఎవరూ మందుగా లెక్కపెట్టరు, సోదా అక్కడే సడలుతుంది.

మా ప్రాంతం సంగతి మీకు తెలియనిది కాదు. ఇక్కడ సాల్వెంట్ అంటే పుస్తకంలో మాట కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి పన్నెండు మందిని చంపింది. అదే ఏడాది జూలై 13 రాత్రి పరవాడలో సాల్వెంట్లు శుద్ధి చేసే యూనిట్టు పేలి మంటలు ఆకాశాన్ని అంటాయి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా యూనిట్టులో ఒక సాల్వెంట్ కారి, ఆవిరై, నిప్పంటుకుని పదిహేడు మంది పోయారు. ఆ పోయిన వాళ్ళలో మా చుట్టుపక్కల పిల్లల్లాంటి పిల్లలే ఎక్కువ. ఉక్కు కోసం ఊళ్ళు ఇచ్చి ఆర్ కార్డులు పట్టుకున్న నిర్వాసితుల మనవలు, ప్లాంటులో ఉద్యోగం రాక ఫార్మాలో కాంట్రాక్టుకు చేరుతున్నారు. ఉక్కు కర్మాగారం ఆర్చి దగ్గర దాని ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా 2021 ఫిబ్రవరి నుంచి దీక్షా శిబిరం నడిపినవాళ్ళం మేము. ఫ్యాక్టరీలు వద్దనేవాళ్ళం కాదు. డ్రమ్ము మీద ఇంగ్లీషులో రాసి ఉన్నది ఆ కుర్రాళ్ళకు తెలుగులో ఎవరూ చదివి చెప్పలేదన్నదే నా బాధ. చేతికి ఏదో ఒక గ్లౌజు వేసుకుంటే చాలనుకుంటారు. డీఎంఎస్ఓకు అన్ని గ్లౌజులూ ఆగవు, బ్యూటైల్ రబ్బరుది అయితే నయం. ఖాళీ అయిన నీలం డ్రమ్ములు బజారులో కొని, రెండుసార్లు కడిగి, మంచినీళ్ళు పట్టుకునే ఇళ్ళు గాజువాక నుంచి అగనంపూడి దాకా ఎన్నో. అది మీ శాఖ పరిధి కాకపోవచ్చు, కాని సందర్భం వచ్చింది కనక రాస్తున్నాను.

అగనంపూడి అనగానే ఇంకో మాట. అక్కడ హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, ఒడిశా నుంచి రోగులు మా జంక్షన్ మీదుగానే వెళ్తారు. టీ కొట్టు దగ్గర కూర్చుంటే వాళ్ళ ఫోన్ల లోంచి వచ్చే మాటలు వినిపిస్తుంటాయి. ఈ ద్రవం నీళ్ళలో కలిపి తాగితే గడ్డ కరిగిపోతుందని ఒకడు చెబుతుంటాడు. కీమో మానేయమని ధైర్యంగా అనడు, "ఆలోచించండి" అంటాడు. ఆ మాటకు ఎంతమంది ఎన్ని వారాలు పోగొట్టుకుంటారో! కణాలను గడ్డకట్టించేటప్పుడు కాపాడే గుణం వేరు, గడ్డను కరిగించే గుణం వేరు. మొదటిది రుజువైంది, రెండోది మనుషుల్లో రుజువు కాలేదు. క్యాన్సరు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టమే నేరమంది. ఫోనులో చెబితే అది ప్రకటన కాకుండా పోతుందా?

కొత్త మందుకు అనుమతివ్వడం ఢిల్లీ వాళ్ళ పని అని నాకు తెలుసు. అమ్మకం మీద కన్నేయడం మీ పని. 1940 చట్టం ప్రకారం, జబ్బు నయం చేయడానికని చెప్పి అమ్మే ఏ పదార్థమైనా మందే అవుతుంది, మందయితే లైసెన్సు కావాలి. ల్యాబు వాడకానికి మాత్రమే అని రాసిన సీసాను, కింద "కీళ్ళనొప్పులకు అద్భుతం" అని చెప్పి అమ్మేవాడు రెండు పడవల మీదా కాళ్ళు పెడుతున్నాడు. వాణ్ణి ఒక పడవ ఎక్కమనండి. ల్యాబు సరుకంటే ల్యాబుకే అమ్మాలి. మందంటే మందులా తయారు చేసి, మందులా పరీక్ష చేయించి, శాతం రాసి, డాక్టరు చీటీ మీద అమ్మాలి. మూత్రాశయం జబ్బుతో బాధపడే ఆడవాళ్ళు సిగ్గుతో చెప్పుకోలేక ఏళ్ళు నెట్టుకొస్తారు. అలాంటివాళ్ళకు శుద్ధమైన సరుకు ఆసుపత్రిలో దొరికేలా చూడడం, డ్రమ్ము సరుకును ఆపడం, రెండూ ఒకే పనిలో సగాలు. కంగారుపడి మొత్తం నిషేధిస్తే నష్టపోయేది ఆ రోగులూ, గడ్డకట్టిన మూలకణాల సంచులూ. దొంగచాటు సీసాకు అప్పుడు గిరాకీ పెరుగుతుంది. అమెరికా 1965లో ఆపాక జరిగింది అదే.

తెలుగులో ఒక్క కాగితం వేయించండి అని ప్రాధేయపడుతున్నాను. ఫార్మా సిటీ గేటు దగ్గర, కూర్మన్నపాలెం జంక్షన్‌లో, మందుల షాపుల్లో అంటించేంత చిన్న కాగితం. ఇది పైపూత కాదని, ఒంట్లోకి పోతుందని, తనతో ఉన్నవాటిని కూడా లోపలికి తీసుకుపోతుందని రాయించండి. ఏ బామ్ మీదా, ఏ ఆయింట్‌మెంటు మీదా రాయకూడదని, తాగకూడదని, కంట్లో వేయకూడదని రాయించండి. మందు వికటిస్తే చెప్పుకోవడానికి కేంద్రం 2010 నుంచి ఒక కార్యక్రమం నడుపుతోంది, 1800-180-3024 అని ఉచిత నంబరు ఉంది. దాన్ని పెద్దక్షరాల్లో వేయించండి. ఈ నంబరు సంగతి నాకు అరవై దాటాక, పొక్కులు లేచాక తెలిసింది.

మా కుర్రాడికి ఇదంతా చెప్పాను. మొదట వినలేదు. "ఏటి బాబాయ్, నీకు పడలేదని అందరికీ పడదేటి?" అన్నాడు. వాళ్ళ మేనత్త భుజం మీద మచ్చలు చూపించాక మాట్లాడలేదు. ఇప్పుడు తేవడం మానేశాడు. నా మోకాలికి ఫిజియోథెరపీ చేయించుకుంటున్నాను, తొడ కండరాలకు రోజూ పొద్దున్న కుర్చీలో కూర్చుని కాలు చాపే వ్యాయామం. మెట్లు ఇంకా పక్కకు తిరిగే దిగుతున్నాను, కాకపోతే కాస్త తొందరగా.

ఆ సీసా మాత్రం మా ఇంట్లోనే ఉంది. సగానికి పైగా మిగిలింది. లంబసింగిలో అయితే చలికాలం పొద్దున్నకి గడ్డకట్టి ఉండేది, పద్దెనిమిదిన్నర డిగ్రీలకే గట్టిపడుతుందట. మా దగ్గర ఎప్పుడూ నీళ్ళలాగే కనిపిస్తుంది, భయం కూడా అదే. మనవలు వస్తూ పోతూ ఉండే ఇల్లు. కాలువలో పోయడానికి మనసొప్పలేదు, చెత్తబండి వాళ్ళకు ఇస్తే వాళ్ళ చేతులకు గ్లౌజులు లేవు. "తాగరాదు, రాయరాదు" అని తెలుగులో కాగితం అంటించి, ఇనప బీరువా పై అరలో తాళం వేసి పెట్టాను. మీ డ్రగ్ ఇన్‌స్పెక్టరు ఎవరైనా గాజువాక వైపు వస్తే కబురు పంపండి. సీసా అప్పగిస్తాను, అందులో ఏముందో పరీక్ష చేయించి నాకొక ముక్క రాయించండి.

ఇట్లు
కోల్ కెమికల్ ప్లాంటు విశ్రాంత కార్మికుడు
కూర్మన్నపాలెం, విశాఖపట్నం